ప్రాణుల చలనం – కంపనాల గణితం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, పూర్వవిద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కన్నడ నేలమీద, ఈ బెంగుళూరు మహానగరంలో, ఒక తెలుగు పాఠశాల 75 సంవత్సరాలు దీపం ఆరకుండా నిలిచినదంటే అది మాటలతో తీరే ఋణం కాదు. ఆ విషయం నాకంటె పెద్దలు ఇప్పటికే చెప్పినారు. నాకు అప్పగించిన పని శాస్త్ర విషయం ఏదైనా ఒకటి మాట్లాడటం. ఉత్సవ సభలో ఈగల గురించి, కీచురాళ్ళ గురించి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. కారణం చెబుతాను. మన భౌతికశాస్త్ర వాచకంలో "సహజ పౌనఃపున్యం", "బలాత్కృత కంపనాలు", "అనునాదం" అనే మాటలు ఉండేవి. వాటిని మనమందరం కంఠస్థం చేసి, పరీక్షలో వ్రాసి, పరీక్ష హాలు గుమ్మం దగ్గరనే వదలివచ్చినాము. అవే మాటలను పట్టుకొని, ఇక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో, బళ్ళారి రోడ్డుమీద ఉన్న ఒక పరిశోధనాలయంలో ఈగ ఎట్లా ఎగురుతుందో తెలిసికొన్నారు. ఆ కథ తెలుగులో ఈ గోడల మధ్య వినిపించవలసినదని నాకు అనిపించినది.

ప్రశ్న ఒక్కటే. ఒక ప్రాణి కదులుతున్నప్పుడు, ఆ కదలికలో మెదడు ఆజ్ఞాపించినది ఎంత, శరీరం తనంతట తాను చేసినది ఎంత? కంటితో చూస్తే రెండూ కలిసిపోయి ఉంటాయి. పాలను నీళ్ళను వేరుచేసే హంస ఒకటి కావాలి. కంపనాల గణితం ఆ హంస.

ముందు ఉయ్యాల దగ్గర మొదలుపెడదాము. అట్లతద్దినాడు చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలను ఊపే ఆడపిల్లలకు భౌతికశాస్త్రం ఎవరూ చెప్పనక్కరలేదు. ఉయ్యాల వెనుకకు వచ్చి ఆగిన క్షణంలో చిన్న తోపు తోస్తే చాలు, నాలుగైదు తోపులకు అది కొమ్మలను అందుకుంటుంది. వేళ తప్పి తోస్తే బలం వృథా, చేతికి దెబ్బ. ఉయ్యాలకు తనదైన ఒక కాలం ఉన్నది. దానిని త్రాడు పొడవు నిర్ణయిస్తుంది, తోసేవారు కాదు. ఆ కాలానికి సరిపోయే తోపులు కూడుకుంటాయి, సరిపోనివి ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. ఇదే అనునాదం.

ఇప్పుడు మన కాలిని చూడండి. తుంటి దగ్గర వ్రేలాడే కడ్డీ అది. కడ్డీవంటి లోలకానికి ఆవర్తన కాలం లెక్కకట్టే సూత్రం పైతరగతుల పిల్లలకు తెలుసు. 90 సెంటీమీటర్ల కాలికి అది సుమారు 1.55 సెకన్లు. 50 సెంటీమీటర్ల చిన్నపిల్ల కాలికి సుమారు 1.16 సెకన్లు. నిష్పత్తి దాదాపు నాలుగింట మూడు వంతులు. అనగా తండ్రి మూడడుగులు వేసేలోగా బిడ్డ కాలు తనంతట తాను నాలుగడుగులు వేయగోరుతుంది. ఉదయం బడికి చేయిపట్టుకొని తీసుకువచ్చే తండ్రులు "ఎందుకమ్మా ఆ పరుగు" అని కసురుకుంటూ ఉంటారు. అది పరుగు కాదు, లోలకం పొట్టిది.

జర్మనీకి చెందిన వేబర్ సోదరులు 1836లోనే కాలు లోలకంవలె ఊగుతుందని పుస్తకం వ్రాసినారు. వారి మాట సగమే నిజమని తరువాత తేలినది. 90 సెంటీమీటర్ల కాలు ఊరికే ఊగితే ఒక వైపు నుండి మరొక వైపుకు చేరడానికి 0.78 సెకను పట్టాలి. మనం మామూలుగా నడిచేటప్పుడు కాలు గాలిలో ఉండేది దాదాపు 0.4 సెకను మాత్రమే. మోకాలు ముడుచుకోవడం వలన లోలకం కురచబడుతుంది, అది కొంత. ఊపు ఆరంభంలో కండరం ఒక తోపు ఇస్తుంది, చివరలో ఒక పట్టు పడుతుంది, అది మిగతాది. నడుమ కండరాలకు చాలావరకు విశ్రాంతియే. లెక్కకు, కొలతకు మధ్య వచ్చిన ఈ తేడాయే మనకు కావలసిన సమాచారం. లెక్క శరీరపు వంతు చెప్పినది, తేడా ప్రాణి వంతు చెప్పినది.

కాలు సంగతి ఇట్లా ఉండగా, రెక్క సంగతి మరింత విచిత్రం. దోమ రెక్కలు సెకనుకు కొన్ని వందల సార్లు కొట్టుకుంటాయి. ఆ కొట్టుకోవడమే మన చెవి దగ్గర రాత్రిళ్ళు వినిపించే సంగీతం. ఫిన్లండ్ దేశంలో ఓలవి సోతావల్తా అనే కీటక శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయనది అసాధారణమైన స్వరజ్ఞానం. పురుగు రొదను వినగానే అది ఏ స్వరమో చెప్పి, దానినుండి రెక్క పౌనఃపున్యాన్ని లెక్కకట్టేవాడు. ఒక జాతి చిన్న నుసుము రెక్కలు సెకనుకు సుమారు 1000 సార్లు కొట్టుకుంటాయని ఆయన కనుగొన్నాడు. దాని రెక్కల అంచులను కత్తిరించి, వెచ్చని గాలిలో ఉంచితే ఆ సంఖ్య 2000 దాటిపోయినది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ప్రతి రెక్కపాటుకు మెదడు ఒక ఆజ్ఞ పంపుతున్నట్లయితే, రెక్కను కురచ చేసినంతమాత్రాన ఆజ్ఞల సంఖ్య ఎందుకు పెరగాలి? మారినది రెక్క జడత్వం ఒక్కటే. స్ప్రింగుకు కట్టిన బరువును తగ్గిస్తే కంపనం వేగవంతమవుతుందని మనం చదివినాము. ఈగ వక్షం ఒక స్ప్రింగు పెట్టె. దానిలో కండరాలు రెండు జతలుగా ఉంటాయి, ఒక జత నిలువున, ఒక జత పొడవున. ఒకటి ముడుచుకున్నప్పుడు పెట్టె ఆకారం మారి రెండవది సాగుతుంది. సాగినందువలననే అది ముడుచుకుంటుంది. అప్పుడు మొదటిది సాగుతుంది. నాడి నుండి వచ్చే ఒక్కొక్క సంకేతానికి రెక్క ఎన్నోసార్లు కొట్టుకుంటుందని ఇంగ్లండులో ప్రింగిల్ 1949లో చూపినాడు. ఉయ్యాలను నడిపే ఆడపిల్లవలె నాడి అప్పుడప్పుడు ఒక తోపు మాత్రం ఇస్తుంది. ఊగడం వక్షం పని.

ఇంతవరకు వచ్చినవారికి వెంటనే ఒక అనుమానం రావాలి. అంత వేగంలో కుడిరెక్క, ఎడమరెక్క కలిసి నడవడం ఎట్లా? చిక్కు అంతటితో తీరదు. ఈగకు రెక్కల వెనుక గుండుసూది తలలవంటి రెండు చిన్న అవయవాలు ఉంటాయి. వెనుక రెక్కల జత కాలక్రమంలో ఈ రూపం పొందినది. వీటిని హాల్టీర్లు అంటారు. ఇవి తీసివేస్తే ఈగ నేలకూలుతుందని 18వ శతాబ్దం ఆరంభంలోనే విలియం డెరహామ్ అనే ఆంగ్ల మతాచార్యుడు గమనించినాడు. ఊగుతూ ఉన్న వస్తువు తన ఊపు తలాన్ని అంత తేలికగా వదులుకోదు. పారిస్‌లో 1851లో ఫూకో వ్రేలాడదీసిన లోలకం భూమి తిరగడాన్ని చూపినది అందువలననే. ఈగ శరీరం ప్రక్కకు తిరిగితే, ఊగుతున్న హాల్టీరు మొదట్లో ఒక ప్రక్క ఒత్తిడి పుడుతుంది. అక్కడి నాడులు దానిని గ్రహించి రెక్కను సరిదిద్దుతాయి. విమానాలలో దిశను నిలుపుకొనడానికి వాడే భ్రమణదర్శక యంత్రం చేసే పనిని ఈగ ఈ సూదితలతో చేసుకుంటున్నది. అయితే ఇదంతా జరగాలంటే రెక్క పైకి వెళ్ళినప్పుడు హాల్టీరు క్రిందికి, రెక్క క్రిందికి వచ్చినప్పుడు అది పైకి, సరిగా ఎదురుదశలో, క్షణం తప్పకుండా ఊగాలి. దశ తప్పితే సమాచారం తప్పు. సమాచారం తప్పితే ఈగ బల్లి నోట్లో పడుతుంది.

ఈ తాళం తప్పనిది ఎట్లా? జి.కె.వి.కె. ఆవరణలో ఉన్న జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, ఎన్.సి.బి.ఎస్. అని మనం పిలిచేది, టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందినది. అక్కడ సంజయ్ సానే గారు, ఆయన శిష్యులు తన్వి దేవరా, అమిత్ కుమార్ సింగ్ ఈ ప్రశ్నను చేపట్టినారు. 2015లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రకటించినారు. వారు ఎంచుకున్నది బ్లాక్ సోల్జర్ ఫ్లై. ఇండ్లలో తడిచెత్తతో ఎరువు చేసుకునే బెంగుళూరు గృహిణులు దీని పురుగులను డబ్బాలో చూసి కేకపెట్టి ఉంటారు, ఆ ఈగయే. దీని రెక్కలు సెకనుకు 100 సార్ల మేరకు కొట్టుకుంటాయి.

వారు చేసిన ఒక పరీక్ష నాకు అన్నిటికంటె ఎక్కువగా నచ్చినది. చనిపోయిన ఈగను తీసుకొని, దాని ఒక రెక్కను చేతిపనిగా పైకీ క్రిందికీ కదిలించినారు. రెండవ రెక్క కూడా కదిలినది. హాల్టీర్లు రెండూ ఎదురుదశలో కదిలినవి. నాడులు లేవు, ఆజ్ఞ లేదు, ప్రాణమే లేదు. తాళం మాత్రం ఉన్నది. అనగా తాళం వేస్తున్నది వక్షపు పెంకు.

పెంకులో ఎక్కడ? రెండు రెక్కలను కలిపేది వీపుమీది ఒక గట్టి పలక. రెక్కను, హాల్టీరును కలిపేది ప్రక్కభాగంలో ఉన్న ఒక సన్నని గట్టు. బ్రతికి ఉన్న ఈగలో పలకను కోస్తే రెండు రెక్కలకు పొత్తు చెడినది, కాని ఒక్కొక్క రెక్క తన ప్రక్క హాల్టీరుతో తాళం తప్పలేదు. గట్టును కోసినప్పుడు హాల్టీరు రెక్కను విడిచి తన స్వంత పౌనఃపున్యంలో ఊగసాగినది. మామూలు ఈగలో రెక్క అంచును కత్తిరిస్తే రెక్క పౌనఃపున్యం పెరిగి, దానితోపాటు హాల్టీరుది కూడా పెరుగుతుంది. గట్టు తెగిన ఈగలో హాల్టీరు రెక్కను అనుసరించదు. మన వాచకంలో "బలాత్కృత కంపనం", "సహజ కంపనం" అని రెండు నిర్వచనాలు ప్రక్కప్రక్కన ఉండేవి కదా, ఆ రెండింటికీ మధ్య ఉన్నది వెంట్రుకవంటి ఒక గట్టు.

ఇంకొక చమత్కారం. ఇంత గట్టిగా ముడిపడి ఉంటే ఈగ ఒక రెక్కను వేరుగా వాడడం ఎట్లా? మలుపు తిరగడం ఎట్లా? రెక్క కీలు దగ్గర మోటారు వాహనాలలోని క్లచ్ వంటిది ఒకటి ఉండి తీరాలని వారు నిరూపించినారు. వక్షం కంపిస్తూనే ఉంటుంది, ఈగ ఏ రెక్కను కావాలంటే దానిని తగిలిస్తుంది, కాదంటే తప్పిస్తుంది. గేర్లవంటి ఏర్పాటు కీలులో ఉన్నదని అంతకు ముందే తెలిసినది. కాబట్టి మెదడు వంతు ఏమిటంటే ఇంజను నడపడం కాదు, క్లచ్ త్రొక్కడం, గేరు మార్చడం. నా దృష్టిలో ఈ పరిశోధన గొప్పతనం లెక్కలో కంటె, ఎక్కడ కోయవలెనో తెలిసికోవడంలో ఉన్నది. లెక్క దారి చూపుతుంది, కత్తెర సాక్ష్యం చెబుతుంది.

ఇటువంటి కొలతలు ఎట్లా తీస్తారని పిల్లలు అడుగుతారు. పౌరాణిక చిత్రాలలో రథం ముందుకు దూసుకుపోతుంటే చక్రాలు వెనుకకు తిరుగుతున్నట్లు కనిపించడం మీరు చూసే ఉంటారు. సెకనుకు 24 చిత్రాలు తీసే కెమెరా వేగంగా తిరిగే ఆకులను సరిగా పట్టుకోలేక మోసపోతుంది. సెకనుకు 100 సార్లు కొట్టుకునే రెక్కను మోసపోకుండా పట్టుకోవాలంటే 200కు మించి చిత్రాలు తీయాలన్నది గణిత నియమం. వంపులు కూడా కనిపించాలంటే వేలకొద్దీ కావాలి. ప్రతి చిత్రంలోను రెక్క కొన ఎక్కడ ఉన్నదో గుర్తిస్తే ఒక గజిబిజి గీత వస్తుంది. ఆ గీతను విడదీసేవాడు ఫోరియే. వేడి ఎట్లా ప్రవహిస్తుందో తెలిసికొనబోయి, ఆవర్తనమయ్యే ఎంతటి గజిబిజి గీతనైనా సామాన్యమైన సైన్ తరంగాల మొత్తంగా వ్రాయవచ్చునని 1822 నాటి గ్రంథంలో చెప్పిన ఫ్రెంచి పండితుడు ఆయన. (సైన్ అన్నది మన "జ్యా" శబ్దమే. అరబ్బుల నోట మారి, లాటిను అనువాదంలో వేషం మార్చి మనకు తిరిగివచ్చినది.) విడదీసే పద్ధతి కూడా ఉయ్యాల పద్ధతే. గీతను ఒక్కొక్క పౌనఃపున్యంతో గుణించి కూడుతూ పోతే, సరిపోయేవి కూడుకుంటాయి, సరిపోనివి కొట్టివేసుకుంటాయి. మిగిలినదే జవాబు.

ఇది పరిశోధనాలయాలకే పరిమితమైన వేడుక కాదు. నోరులేని జీవి బాధను వినడానికి ఇది పనికివస్తున్నది. దుడుకుగా నడిచే ఆరోగ్యవంతమైన గుర్రం తల, నాలుగు కాళ్ళ అడుగు ఒకసారి పూర్తి అయ్యేలోగా రెండుసార్లు సమానంగా పైకీ క్రిందికీ కదులుతుంది. ముందుకాలు ఒకటి నొప్పి పెట్టినదనుకోండి. ఆ కాలు నేలమీద ఉన్నప్పుడు గుర్రం బరువు మోపకుండా తల ఎత్తుతుంది. అప్పుడు రెండు ఊపులలో ఒకటి చిన్నదవుతుంది. గణితభాషలో, అడుగుకు రెండుసార్లు వచ్చే కంపనంలోకి, అడుగుకు ఒక్కసారి వచ్చే కంపనం చొరబడినది. అది ఎంత ఉన్నదో అంకెలలో వస్తుంది. కుంటు కొద్దిగా ఉన్నప్పుడు అనుభవజ్ఞులైన పశువైద్యులు కూడా ఒకరు అవునని, ఒకరు కాదని అంటారు. తలకు, నడుముకు చిన్న పరికరాలు కట్టి ఈ లెక్కను తీసే పద్ధతి గుర్రాల వైద్యంలో వాడుకలోకి వచ్చినది. మన రైతు ఎద్దు మెడలోని గంటల సవ్వడి తప్పడాన్ని బట్టి కాలి నొప్పి పసిగడతాడు. అతడు చెవితో చేసేదీ ఈ లెక్కయే. తేడా ఒక్కటే, అతని లెక్కను మరొకరికి వ్రాసి ఇవ్వడం కుదరదు.

చెవి మాట వచ్చినది కనుక రామన్ గారిని తలచుకోకుండా ముందుకు పోలేను. విశాఖపట్నంలో బాల్యం గడిపి, 1933లో ఈ ఊరికి వచ్చి ఇక్కడే జీవితం ముగించిన ఆ మహనీయుడు కాంతికంటె ముందు శబ్దాన్ని ప్రేమించినాడు. మామూలు డోలు చర్మం కంపనాలు శ్రుతికి కుదరవు. మృదంగం కుడివైపు మూతిమీద పూసిన నల్లని ముద్ద బరువు వలన మొదటి అయిదు కంపనాలు శ్రుతిబద్ధంగా కుదురుతాయని ఆయన తేల్చినారు. 1920లో ఒక చిన్న వ్యాసం, 1934లో ఇక్కడి విజ్ఞాన అకాడమీ పత్రికలో పెద్ద వ్యాసం వ్రాసినారు. పలుచని పొర ఆకారాన్ని, బరువును మార్చితే దాని స్వరాలు మారుతాయన్నది దాని సారాంశం.

అదే తర్కం ఒక చెట్టు కీచురాయి విషయంలో మళ్ళీ కనిపించినది. చిక్కబళ్ళాపురం ప్రాంతపు పొదలలో రాత్రిపూట పాడే ఈ పురుగును భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రోహిణి బాలకృష్ణన్ గారి బృందం ఏళ్ళతరబడి పరిశీలించినది. మామూలు కీచురాయి ఒక్కటే స్వరానికి కట్టుబడి ఉంటుంది. చెట్టు కీచురాయి ఒక స్థాయి మేరకు స్వరం మార్చగలదు. నటాషా మ్హాత్రే, బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు సహచరులు, బాలకృష్ణన్ గారు కలిసి 2012లో కారణం చెప్పినారు. దాని రెక్క పొడవుగా సాగి ఉండడం చేత, దగ్గరదగ్గర పౌనఃపున్యాలు గల అనేక కంపన రీతులు ఆ రెక్కలో ఏర్పడతాయి. లేసరు కాంతితో రెక్క కంపనాలు కొలిచి, గణిత నమూనా కట్టి దీనిని నిర్ధారించినారు. గొంతు లావును బట్టి మనిషి పరిమాణం ఊహించినట్లు, ఈ పురుగు స్వరాన్ని బట్టి దాని పరిమాణం చెప్పలేము. పాట విని వరుణ్ణి ఎంచుకునే ఆడపురుగుకు ఇది కొంచెం చిక్కే.

చివరగా చేప. కిటికీ ఊచకు త్రాడు కట్టి ఒక కొనను ఊపండి. ఒక విధంగా ఊపితే త్రాడు అక్కడక్కడ కదలని బిందువులతో నిలిచిన చోటనే ఊగుతుంది. అది స్థిర తరంగం. ఒక్కసారి విదిలిస్తే వంపు ముందుకు పరుగెత్తుతుంది. అది పురోగామి తరంగం. చేప ఒంటిలో రెండూ కలిసి ఉంటాయి. నీటిని వెనుకకు నెట్టేది మాత్రం తల నుండి తోకకు పరుగెత్తే తరంగమే. ఈ రెండింటి పాళ్ళు తేల్చే ఒక పద్ధతిని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ ఫీనీ అనే యంత్రశాస్త్ర ఆచార్యుడు రూపొందించినారు. ఆయన వృత్తి యంత్రాల, కట్టడాల కంపనాలు. ఆ పనిముట్టునే వైటింగ్ అనే సముద్రపు చేప ఈతకు అన్వయించినారు. వంతెన ఊగడానికి, చేప ఈదడానికి ఒకే లెక్క అన్నమాట.

2006లో ప్రకటితమైన ఒక ప్రయోగం ఉన్నది. ప్రవాహానికి అడ్డంగా ఒక స్తంభం నిలిపి, దాని వెనుక లయబద్ధంగా పుట్టే సుడులలో చనిపోయిన ట్రౌట్ చేపను ఉంచినారు. సుడుల తాళానికి మెత్తని ఆ శరీరం ఊగినది. ఊగి, ప్రవాహానికి ఎదురుగా ముందుకు సాగినది. వినడానికి భేతాళ కథవలె ఉంటుంది గాని, అనునాదానికి ప్రాణంతో పనిలేదు. మరి బ్రతికి ఉన్న చేప అటువంటి సుడులలో ఏమి చేస్తుంది? దీనికి మూడేళ్ళ ముందే, 2003లో, జేమ్స్ లియావో బృందం చేప కండరాలలో సన్నని తీగలు అమర్చి చూసినది. తలకు దగ్గరగా ఉన్న కొద్ది కండరాలు మాత్రం పనిచేస్తున్నవి. మిగిలినవి దాదాపు మౌనంగా ఉన్నవి. సుడి తోస్తున్నది, ఒళ్ళు ఊగుతున్నది, చేప చుక్కాని పట్టుకున్నది.

భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు నా కోరికమీద క్రింది ప్రయోగశాలలో రెండు లోలకాలు కట్టి ఉంచినారు. ఒకటి 60 సెంటీమీటర్లు, అది పెద్దవారి కాలికి సమానం. మరొకటి 33 సెంటీమీటర్లు, పిల్లల కాలికి సమానం. స్టాప్ వాచీలు కూడా ఉన్నవి. తల్లిదండ్రులు పిల్లలతో కలిసి వరండాలో ఇరవై అడుగులు మామూలుగా నడిచి, కాలం వ్రాసి, లోలకంతో సరిచూడండి. భోజనాలకు ఇంకా అరగంట వ్యవధి ఉన్నదని కార్యదర్శిగారు చెబుతున్నారు.